పెళ్లి వద్దనే నేను, కావాలనే వాడు, మధ్యలో కాగితాల కట్ట

మా ఇంట్లో గొడవంటూ వస్తే అది పెళ్లి గురించే. నేనూ మా వాడూ కలిసి ఉండబట్టి పదేళ్లు దాటింది. ఇద్దరు మగవాళ్లు చేసుకునే పెళ్లిని చట్టం ఒప్పుకోవాలని వాడి పట్టుదల. వస్తే రానీ గానీ మన కష్టాలన్నిటికీ అదే మందన్నట్టు మాట్లాడొద్దని నా వాదన. వాడిది అస్కా దగ్గర ఊరు, ఒడియావాడు, ల్యాబ్ టెక్నీషియన్. నాది ఒడిశాలోని బరంపురమే. తాత మగ్గం నేసినవాడు, నాన్న పట్టుచీరల కొట్లో గుమాస్తా, నేను బట్టల హోల్‌సేల్ షాపులో అకౌంట్లు చూస్తాను. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. మా వాడికి తెలుగు బాగానే వచ్చు గానీ కోపమొస్తే ఒడియాలోకి వెళ్లిపోతాడు. పెళ్లి మాటెత్తితే ఒడియాయే.

ఇది ఆ గొడవ తీరిన కథ కాదు. చట్టం ఇవ్వనిదాన్ని కాగితాలతో ఎంతవరకు కూడగట్టుకోవచ్చో చూద్దామని బ్యాంకు చుట్టూ, కోర్టు చుట్టూ, రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ తిరిగిన సంగతి. ఆదివారాలు మాలో మేం వాదించుకునే ప్రతి మాటా ఏదో ఒక కౌంటర్ దగ్గర మళ్లీ ఎదురుపడింది.

మొదలు ఆసుపత్రి దగ్గర. మా వాడికి పిత్తాశయంలో రాళ్లని ఊళ్లోనే ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చాను. అడ్వాన్సు నేనే కట్టాను, రిపోర్టులు నా చేతిలోనే ఉన్నాయి, మందుల చీటీలు పట్టుకుని తిరిగిందీ నేనే. ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం దగ్గరికి వచ్చేసరికి, ఆ కూర్చున్నామె పెన్ను వెనక్కి తీసుకుంది. "బ్లడ్ రిలేషన్ ఎవరైనా ఉన్నారా?" అంది. పేషంటు స్పృహలోనే ఉన్నాడు, వాడి సంతకం చాలదా అంటే, అటెండెంట్ సంతకం కూడా కావాలంది. అస్కా నుంచి వాళ్ల అక్క బస్సు పట్టుకుని వచ్చేసరికి చీకటి పడింది. ఆపరేషన్ మర్నాటికి పోయింది. ప్రాణం మీదకేమీ రాలేదు. అయినా మా వాడు మత్తు దిగాక అన్న మొదటి మాట, "ఇప్పుడు చెప్పు, పెళ్లి వద్దా?" అని. కుట్లేసిన మనిషితో ఏం వాదిస్తాం.

ఆదివారాలు మాలో మేం వాదించుకుంటాం అన్నాను కాబట్టి ఆ మేం ఎవరమో చెప్పాలి. ఒక పెద్దాయన మేడ మీద పాత ట్యూషన్ గది ఉంది. ఆదివారం సాయంత్రాలు ఐదారుగురం అక్కడ కూడుతుంటాం. బయటివాళ్లకి మేం పేకాట బ్యాచ్. పేకాట కూడా ఆడతాం లెండి.

ఆ పెద్దాయన ప్రభుత్వ గుమాస్తాగా రిటైరయ్యాడు. భార్య, పిల్లలు, మనవలు ఉన్నారు. పెళ్లి చట్టం పేరెత్తితే అందరికంటే గట్టిగా వద్దనేది ఆయనే. "ఇవాళ ఇద్దరు మగాళ్లు ఒక గదిలో ఉంటే ఊళ్లో ఎవడికీ పట్టదు. అద్దె కలిసొస్తుందని ఉంటున్నారనుకుంటారు. ఆ చట్టం వచ్చిందనుకో, వీధిలో ప్రతి ఇంటావిడా లెక్కలు కట్టడం మొదలెడుతుంది" అంటాడు. ఆయన మాటలో నిజముంది. మా వీధిలో మేమిద్దరం ఇన్నేళ్లు నిశ్చింతగా ఉన్నది ఆ పట్టనితనం పుణ్యమే. కానీ ఆయనతో పూర్తిగా ఏకీభవించలేను. ఆయన బతుకుతున్న ఆ చాటులో ఆయన భార్య కూడా ఉంది కదా, ఆమెను ఈ గదిలోకి పిలిచి ఎవరూ అడగలేదు.

ఇంజినీరింగ్ చదివే కుర్రాడొకడు వస్తాడు. వాడికి అంతా సూటిగా ఉంటుంది. అందరికీ ఉన్నది మనకీ ఉండాలి, లేకపోతే మనం రెండో తరగతి పౌరులం, అంతే. నెదర్లాండ్స్‌లో 2001లో వచ్చింది, తైవాన్‌లో 2019లో వచ్చింది, మొన్న 2025 జనవరిలో థాయిలాండ్‌లో వచ్చింది అని వేళ్ల మీద లెక్కపెడతాడు. "నేపాల్లో కూడా 2023లో ఒక జంటకి రిజిస్ట్రేషన్ అయింది, మనకేం రోగం?" అంటాడు. మా వాడు ఈ కుర్రాడి పార్టీ.

స్టేషన్ వైపు ఉండే గురువమ్మ హిజ్రా. తనకి చేలాలు, అంటే శిష్యులు, ఉన్నారు, ఇల్లుంది, ఇంటికొక పద్ధతుంది. చేలాకి జ్వరమొస్తే గురువు చూస్తుంది, గురువు పోతే చేలాలు చేస్తారు. ఆవిడ లెక్కలో పెళ్లి చివరి మాట. ముందు అద్దెకి ఇల్లు, తర్వాత ఉద్యోగంలో రిజర్వేషన్, ఆ తర్వాత మీ పెళ్లిళ్లు. 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లని వెనకబడిన తరగతులుగా చూసి రిజర్వేషన్లు ఇవ్వమంది. కులాన్ని బట్టి ఉన్న ప్రతి కోటా లోపలా తమకంటూ విడిగా వాటా కావాలని వాళ్లు అడుగుతూనే ఉన్నారు.

రాయగడ వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె అప్పుడప్పుడూ వస్తుంది. తను, తన స్నేహితురాలు ఇంట్లోంచి వచ్చేశారు. అన్నలు బండ్లేసుకుని వెతుక్కుంటూ వచ్చారు, పోలీస్ స్టేషన్లో పంచాయితీ అయింది. మేజర్లం అని చెప్పి నిలబడ్డారు. ఒడిశా హైకోర్టు 2020 ఆగస్టులో ఇలాంటి జంటకే అనుకూలంగా తీర్పిచ్చిందని, ఎవరితో ఉండాలో తేల్చుకునే హక్కు వాళ్లదేనందని ఎవరో చెబితే, ఆ కాగితం ఫోన్లో చూపించారట. ఈ అమ్మాయి మాట నన్ను మిగతా అందరి మాటల కంటే ఎక్కువ పట్టుకుంది. "నన్ను కొట్టింది మా అన్న. రేపు నేను చచ్చిపోతే నా డబ్బు వెళ్లేది మా అమ్మానాన్నలకి, వాళ్ల తర్వాత మా అన్నకే. మీరు పెళ్లి చట్టం తెచ్చుకోండి అన్నా, కాదన్ను. నాకు మాత్రం నావాళ్లెవరో నేను రాసుకునే చట్టం కావాలి."

నా వాదన కూడా ఇంచుమించు ఇదే. మొగుడూ పెళ్లాల పేరు మీద కట్టగట్టి ఇచ్చే వసతుల్ని విడదీసి, ఎవరు ఎవరి పేరు రాస్తే వాళ్లకి చెల్లేలా చెయ్యమంటాను. పెళ్లంటే నాకున్న అయిష్టానికి వేరే కారణాలూ ఉన్నాయి. మా చెల్లి పెళ్లికి నాన్న చేసిన అప్పు ఆయన పోయాక నేను తీర్చాను. సోంపేటలో మేనమామ కూతుర్ని నాకు కట్టబెట్టాలని ఎన్ని రాయబారాలు నడిచాయో, ఆ పిల్ల ఏడుపు కూడా నాకు గుర్తే. ఆ తంతుని మా దగ్గరికి కూడా తెచ్చుకోవాలా అనిపిస్తుంది.

2023 అక్టోబరు 17న పెళ్లి హక్కు కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రోజు మేమంతా ఆ గదిలోనే ఉన్నాం. దసరా రోజులు, వీధిలో మైకులు. కేసు వేసిన వాళ్లలో ముందున్నది హైదరాబాద్ జంట, సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్. అందుకని తెలుగువాళ్లకి అదొక ఇంటి కేసులా ఉండేది. ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ చదువుతుంటే, జంటలకి గుర్తింపు ఉండాలి, యూనియన్, అంటే జంటగా బంధం కట్టుకోవడం, హక్కు అని మాటలు వినబడేసరికి కుర్రాడు లేచి గంతేశాడు. మా వాడు స్వీట్లకి డబ్బులు తీశాడు. తీర్పులు నాలుగున్నాయని, ఆయనా జస్టిస్ కౌల్ చెప్పింది మైనారిటీ అని అర్థమవడానికి ఇంకా చాలాసేపు పట్టింది. జస్టిస్ భట్ చదవడం మొదలెట్టాక ఫోన్ చుట్టూ తలలు ఒక్కొక్కటీ వెనక్కి జరిగాయి. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని ఐదుగురూ అన్నారు. యూనియన్ గుర్తింపు, దత్తత దగ్గర మాత్రం ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు. మిగిలింది క్యాబినెట్ సెక్రటరీ కింద ఒక కమిటీ వేస్తామన్న కేంద్రం మాట.

ఆ కేసులో కేంద్రం ఇదంతా పట్టణాల్లో పైవర్గాల ఆలోచన అంది. మగ్గం ఇంట్లోంచి వచ్చిన నేను, గురువమ్మ, రాయగడ అమ్మాయి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. రాష్ట్రాల అభిప్రాయం అడిగితే అప్పటికి ఏడు రాష్ట్రాలే జవాబిచ్చాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్, రాజస్థాన్, అస్సాం వద్దన్నాయి. ఒడిశా ఆ ఏడింట్లో లేదు. ఇచ్ఛాపురం దాటితే వద్దన్న రాష్ట్రం, ఇటు నోరు విప్పని రాష్ట్రం, మధ్యలో మనం అని పెద్దాయన నవ్వాడు. నవ్వింది ఆయనొక్కడే.

తమాషా ఏమిటంటే ఆ తీర్పులోనే ఒక మాట ఉంది. ట్రాన్స్ మహిళ మగవాడిని పెళ్లాడితే అది ఇప్పుడున్న చట్టాల కిందే చెల్లుతుందని. గురువమ్మకి అది విడమరిచి చెబితే, "చూశావా, అడగని నాకు పెళ్లి ఇచ్చారు, అడిగిన మీకు లేదు. నేనడిగిన ఉద్యోగం మాత్రం ఎవరికీ గుర్తు లేదు" అంది.

ఇక కాగితాలు. 2024 ఆగస్టు చివర్లో ఆర్థిక శాఖ ఒక వివరణ ఇచ్చింది. మాలాంటి క్వీర్ వ్యక్తులు జాయింట్ ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదని. దానికి వారం ముందే రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులకీ అదే చెప్పింది. మా వాడు అది ప్రింటు తీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని బ్యాంకుకి బయల్దేరాడు. ఇద్దరం ఇస్త్రీ చొక్కాలు. టెన్షన్ చూస్తే పెళ్లిచూపుల్లా ఉంది.

కౌంటర్లో కుర్రాడు కంప్యూటర్లో సంబంధం అన్న చోట ఆగాడు. తల్లి, తండ్రి, భార్య, భర్త, కొడుకు, కూతురు, ఇతరులు. "అన్నదమ్ములా?" అన్నాడు. ఇంటిపేర్లు వేరు, భాషలు వేరు. మా వాడు కవరు తీసి ఇచ్చాడు. కుర్రాడు చదవకుండా మేనేజరు గదికి పంపాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివి, "ఇందులో కొత్తేముంది? ఏ ఇద్దరైనా జాయింట్ ఖాతా ఎప్పుడైనా తెరవచ్చు" అని సంతకం పెట్టేసింది. 'ఐదర్ ఆర్ సర్వైవర్' పద్ధతి పెట్టించుకోమని కూడా ఆవిడే చెప్పింది. అలా పెడితే ఒకరు పోయినా రెండోవాళ్లకి డబ్బు ఆగదు.

బయటికొచ్చాక నేనన్నాను, ప్రభుత్వం మనకిచ్చింది మన దగ్గర ముందునుంచీ ఉన్నదేనని. మా వాడు ఊరుకుంటాడా? "ఉన్నదే. మరి ఇన్నాళ్లూ ఎందుకు వెళ్లలేదు మనం?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇన్సూరెన్స్ దగ్గర అంత సులువు కాలేదు. మా వాడి పాలసీలో నా పేరు నామినీగా పెట్టబోతే కంపెనీవాళ్లు సంబంధం రుజువు చూపించమన్నారు. స్నేహితుడు అంటే కుదరదన్నారు. అప్పుడే తెలిసింది ఇంకో సంగతి. 2015లో మార్చిన బీమా చట్టం ప్రకారం తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు నామినీగా ఉంటేనే ఆ డబ్బు వాళ్ల సొంతమవుతుంది. మిగతా ఎవరి పేరు రాసినా వాళ్లు డబ్బు తీసుకుని వారసులకి అప్పగించాల్సిన వాళ్లే. అంటే కష్టపడి నా పేరు ఎక్కించినా నేను చేసేది పోస్ట్‌మ్యాన్ పని. చివరికి అక్క పేరే ఉంచాం. దేనికైనా అసలు దిక్కు వీలునామాయే అని అక్కడ తేలింది.

ఇల్లు సంగతి ఇంకా చిక్కు. అంబపువా వైపు మేముండే ఫ్లాటు మా వాడి పేరు మీద ఉంది. లోన్ తీసుకునేటప్పుడు ఇద్దరి పేర్లూ పెడతామంటే రక్తసంబంధం లేనివాళ్లకి కలిపి ఇవ్వలేమన్నారు. వాయిదాలో సగం నెలనెలా నేను పంపుతాను. మా వాడికి అమ్మానాన్నలు లేరు. వాడు వీలునామా లేకుండా పోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఇల్లు అక్కది. నేను అద్దెకున్నవాడిని కూడా కాను.

పోనీ సగం వాటా ఇప్పుడే గిఫ్టు రాసేద్దామా అనుకున్నాం. పెళ్లాం పేరున రాస్తే ఆదాయపు పన్ను పడదు. బంధువు కానివాడికి రాస్తే, విలువ 50,000 రూపాయలు దాటిందంటే తీసుకున్నవాడి ఆదాయం కింద లెక్క. ఇది అన్యాయమని 2025లో ఒక జంట బాంబే హైకోర్టుకి వెళ్లింది. అకౌంట్లు చూసేవాడిని కాబట్టి ఈ లెక్క నాకు ముందే తెలుసు, మా వాడికి చెప్పకుండా దాచాను. చెబితే మళ్లీ పెళ్లి టాపిక్. వీలునామా ద్వారా వచ్చిన ఆస్తికి మాత్రం ఎవరికీ ఆ పన్ను లేదు. సరే, వకీలు దగ్గరికి.

కోర్టు దగ్గర ఒక పెద్ద వకీలు గారు, తెలుగాయన. ఒక స్థలం తగాదాలో నాన్నకి సాయం చేసినాయన. ఆయన ముందు కూర్చుని ఇద్దరం నీళ్లు నమిలాం. ఆయన పెన్ను మూత తీసి అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. "మీరిద్దరూ ఒకరికొకరు ఏమవుతారో నాకు అక్కర్లేదు బాబూ. కానీ రేపు ఎవడైనా కేసేస్తే జడ్జి గారికి కావాలి. సొంత అక్క ఉండగా వీడికెందుకు రాశాడు అని అడుగుతారు. ఆ జవాబు ఇందులోనే ఉండాలి."

ఆ ఒక్క వాక్యం మీద పడ్డ తంటాలు అన్నీ ఇన్నీ కావు. 'నా జీవిత భాగస్వామి' అని రాయమని మా వాడు. అలా రాస్తే చెడగొట్టాలనుకునేవాడికి మనమే ఆయుధం ఇచ్చినట్టని వకీలు గారు. నేను మధ్యలో. చివరికి ఇలా కుదిరింది: 'చాలా ఏళ్లుగా నాతో ఒకే ఇంట నివసిస్తూ, నా ఆరోగ్యం, బాగోగులు చూస్తూ, ఈ ఇంటి రుణ వాయిదాలలో సగం తన సంపాదనలోంచి కడుతూ వస్తున్నందున, అతని పట్ల నాకున్న ప్రేమాభిమానాలతో'. ప్రేమ అన్న మాట మా వాడు పట్టుబట్టి వేయించాడు. అక్కకి అమ్మ బంగారం, ఊళ్లో పొలం ముందే చేరాయని, అందుకే ఇందులో ఇవ్వలేదని ఇంకో పేరా. వారసుల్ని వదిలేస్తే ఎందుకు వదిలామో రాయకపోతే కోర్టుకి అనుమానం వస్తుందట. నా వీలునామాలోనూ ఇదే వరస. నా బ్యాంకు డబ్బులో అమ్మకింత, వాడికింత.

సాక్షులు ఇద్దరు ఉండాలి. ఆస్తి వచ్చేవాడే సాక్షిగా సంతకం పెడితే కోర్టుకి అనుమానం వస్తుంది, కాబట్టి నేను పనికిరాను. వయసులో చిన్నవాళ్లయితే మంచిది, రేపు వచ్చి చెప్పగలరు. కుర్రాడు చదువయ్యాక ఎక్కడ ఉంటాడో తెలీదు. పెద్దాయనని వయసు చూసుకోకుండా మాట వరసకి అడిగితే, ఆ ఆఫీసులో తన పాత సహోద్యోగులున్నారని మొహం తిప్పుకున్నాడు. నాకు కోపం రాలేదు. మేడ మీద ఆయన వాదించేది దేనికోసమో ఆ మొహం చూస్తే తెలిసింది. గురువమ్మ తనంతట తనే వస్తానంది. ఆధార్‌లోనూ ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డులోనూ ఒకే పేరుందో లేదో వకీలు గారు రెండుసార్లు చూసి సరేనన్నారు. రెండో సాక్షిగా అక్కనే అడగమన్నారాయన. ఆస్తి రావలసిన మనిషే సాక్షి సంతకం పెడితే ఇక కేసు వేసేదెవరని.

అక్కకి ఏం చెప్పాలా అని మా వాడు చాలా రోజులు నలిగాడు. తీరా అడిగితే ఆవిడకి ఆశ్చర్యమేమీ లేదు. వాళ్ల అత్తవారింట్లో మా గురించి అడిగినవాళ్లకి, వీళ్లిద్దరూ పూరీలో మహాప్రసాదం తిని స్నేహం కట్టుకున్నారని ఎప్పుడో చెప్పేసిందట. ఒడియావాళ్లలో ఆ ఆచారం ఉంది. జగన్నాథుడి మహాప్రసాదం సాక్షిగా స్నేహితులైనవాళ్లు రక్తసంబంధం కంటే ఎక్కువ, మాట తప్పకూడదు. మేం అలాంటిదేమీ చేయలేదు. ఆవిడ చేసిపెట్టేసింది. పెళ్లి గురించి అడిగితే మాత్రం, "అవన్నీ నాకు చెప్పకండి, సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పండి" అంది.

వీలునామాకి స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్టర్ చేయాలన్న నిబంధనా లేదు. అయినా మాలాంటి వాళ్లం చేయించుకోవడమే నయమన్నారు వకీలు గారు. రిజిస్ట్రారు ఆఫీసులో మా టోకెన్ వచ్చేదాకా వరండాలో నోటీసు బోర్డు ముందు నిలబడ్డాం. ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద పెళ్లి చేసుకోబోయేవాళ్ల నోటీసులు అంటించి ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి, ఇంటి చిరునామా. అబ్బాయి ఇంటిపేరు చూస్తే తెలుగువాళ్లు, అమ్మాయి ఒడియా. 30 రోజులు అలా ఉండాలి, ఎవరైనా అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఫోటోల మీద ఎవరో పెన్నుతో గీతలు గీశారు.

"చూడు," అన్నాను. "నీ చట్టం రేపే వచ్చిందనుకో. హైదరాబాద్‌లో ఈ బోర్డు ఎవడూ చూడడు. ఇక్కడ మొదట చదివేది మా మేనమామ." 2021లో అలహాబాద్ హైకోర్టు ఈ నోటీసు వేయాలో వద్దో జంట ఇష్టమంది. సుప్రీంకోర్టు కేసులో కూడా ఈ నోటీసు పద్ధతి తీసేయమని అడిగారు. మన బోర్డు మాత్రం అలాగే ఉంది. మా వాడు కాసేపు చదివి, "వీళ్లకి భయం లేదా? అయినా వచ్చి అంటించుకున్నారు కదా. నాకూ ఆ భయపడే అవకాశం ఇవ్వమంటున్నాను, అంతే" అన్నాడు. ఈసారి తెలుగులోనే అన్నాడు. లోపల ఫోటో తీశారు, వేలిముద్రలు వేయించారు. రాసింది నీ ఇష్టంతోనేనా అని అధికారి అడిగితే మా వాడు అవసరమైనదాని కంటే గట్టిగా అవునన్నాడు. గురువమ్మ సంతకం పెడుతుంటే వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ తిరిగి చూసేసరికి నవ్వు ఆగింది.

వైద్యానికి సంబంధించిన కాగితం ఇంకొకటి. కోలుకోలేని స్థితిలో ఎలాంటి చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకునే పత్రం 2018 నుంచి చెల్లుతోంది. మొదట్లో మేజిస్ట్రేట్ ముందు చేయాల్సి ఉండేది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని సులువు చేసి, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలంది. మన తరఫున మాట్లాడే మనిషి పేరు అందులో రాయొచ్చు. ఒకరి పేరు ఒకరం రాసుకున్నాం. మామూలు ఆపరేషన్లకి ఇది పనికిరాదు కాబట్టి ఇంకో అధికార పత్రం కూడా. ఇవన్నీ చూపిస్తే నర్సింగ్ హోమ్ కౌంటర్లో ఆమె పెన్ను ఇస్తుందా అంటే, ఏమో. భాగస్వామి మృతదేహాన్ని దగ్గరి బంధువులు లేనప్పుడు తీసుకోనివ్వమని మాత్రం కేంద్ర ఆరోగ్య శాఖ 2024లో రాష్ట్రాలకి రాసింది. బతికుండగా సంతకం కంటే పోయాక అప్పగింతకి ముందు జాబు వచ్చిందన్నమాట.

ఒకే ఇంటివాళ్లుగా రేషన్ కార్డు ఇవ్వమని కూడా ఆ ఏడాదే చెప్పారు. మేం దాని జోలికి పోలేదు.

2023 తీర్పుని మళ్లీ చూడమని వేసిన రివ్యూ పిటిషన్లు కూడా 2025 జనవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. మే నెలలో మద్రాస్ హైకోర్టు మాత్రం ఇద్దరమ్మాయిల కేసులో, కుటుంబం ఏర్పడటానికి పెళ్లొక్కటే దారి కాదంది. ఆ వార్త గదిలో చదివితే రాయగడ అమ్మాయి నావైపు చూసి కళ్లెగరేసింది. కుర్రాడు ఒప్పుకోలేదు. "పెళ్లి ఇవ్వలేక చెప్పే తియ్యటి మాట అది" అన్నాడు. నాకు వాడి మాట కొట్టిపారేయబుద్ధి కాలేదు. మేం ఇన్ని ఆఫీసులు తిరిగి, ఇంత డబ్బు పోసి, ఇన్ని మొహాలకి జవాబు చెప్పి పోగేసింది, నోటీసు బోర్డు మీద ఆ జంటకి ఒక్క సంతకంతో వస్తుంది. అంతా చేశాక కూడా మాది ఎవరైనా కోర్టులో లాగగలిగే సరుకే. అయినా నా మాట నాదే. ఆ ఒక్క సంతకం పెట్టలేని పెద్దాయనకి, పెట్టనక్కర్లేని గురువమ్మకి, పుట్టింటివాళ్లనుంచి పారిపోయిన అమ్మాయికి కూడా తమవాళ్ల పేరు రాసుకునే హక్కు ముందు రావాలి. మా వాడు రెండూ రావాలంటాడు, ముందు వెనకలెందుకంటాడు.

మిగిలింది నా పీఎఫ్. దాని నిబంధనల్లో కుటుంబమంటే భార్య, పిల్లలు, ఆధారపడిన తల్లిదండ్రులు. కుటుంబం ఉన్నవాడు బయటివాళ్ల పేరు రాస్తే చెల్లదు. అమ్మ నా మీదే ఆధారపడి ఉంది కాబట్టి అమ్మ పేరే ఉండాలి. ఫారం నింపుతూ అమ్మకి చదివి వినిపించాను. అమ్మ మా గురించి ఎప్పుడూ ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు. మా వాడికి చేపల పులుసు గిన్నె విడిగా తీసిపెట్టడం తప్ప ఆవిడ అభిప్రాయం ఏమిటో నాకు తెలీదు.

"ఈ డబ్బంతా నాకేటి చేసుకోడానికి?" అంది. "ముసిల్దాన్ని. నానేం తింటాను. ఆ బాబుకి ఇచ్చేస్తాన్లే."

అలా నోటితో అంటే చాలదమ్మా, నీ తర్వాత అది చెల్లికీ నీ మిగతా వారసులకీ పోతుంది అన్నాను.

"అయితే మీరు రాయించుకున్న కాయితం నాకూ ఒకటి రాయించు. ఆ వకీలు గారు మీ నాన్నకి తెలిసినాయనే కదా."

సోమవారం వకీలు గారికి ఫోన్ చేశాను. అమ్మ ఆధార్‌లో పుట్టిన సంవత్సరం తప్పుగా ఉంది, ముందు అది సరిచేయించి తీసుకురమ్మన్నారు.